విడిపోయిన తీగలు మళ్లీ మోగితే

గన్స్ ఎన్ రోజెస్ తొలిసారి భారతదేశానికి వచ్చింది 2012 డిసెంబరులో. క్యాసెట్లు అరిగిపోయేదాకా విని పెరిగిన తరం అప్పటికి ఉద్యోగాల్లో స్థిరపడి, జుట్టు పలచబడి, ఖరీదైన టికెట్ కొనే స్తోమతకు చేరుకుంది. పోస్టరు మీద పేరు అదే. పాటలూ అవే. వేదిక మీద మాత్రం, 1987లో తొలి ఆల్బమ్‌తో ఆ పేరును లోకానికి పరిచయం చేసిన అయిదుగురిలో మిగిలింది గాయకుడు ఆక్సెల్ రోజ్ ఒక్కరే. ముఖం కనపడనివ్వని ఉంగరాల జుట్టు, దాని మీద పొడుగాటి టోపీ, కిందికి జారిన గిటారు... ఆ స్లాష్ లేరు. 1996లోనే తెగతెంపులు చేసుకుని వెళ్లిపోయారు. మళ్లీ కలుస్తారా అని అదే ఏడాది అడిగిన వాళ్లకు, ఈ జన్మలో జరిగే పని కాదని ఆక్సెల్ తేల్చి చెప్పేశారు.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ జన్మ కాస్తా అయిపోయినట్టుంది. 2016లో ఆక్సెల్, స్లాష్, బేస్ గిటారిస్టు డఫ్ మెకాగన్ ఒకే వేదికెక్కారు. ఈ జన్మలో కాదన్న ఆ మాటనే యాత్రకు పేరుగా పెట్టుకున్నారు. మూడేళ్లు పైబడి ఊళ్లూ దేశాలూ తిరిగి 58 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారు. ఆ బృందమే 2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సుకు వచ్చింది. అరవై మూడేళ్ల ఆక్సెల్ గొంతు తన వయసును దాచే ప్రయత్నమేమీ చేయలేదు. కానీ 2012లో చూసినవాళ్లూ 2025లో చూసినవాళ్లూ ఒకే బ్యాండును చూశామని చెప్పుకోవడం కష్టం. పేరు రెండుసార్లు వచ్చింది. బ్యాండు వచ్చింది ఒక్కసారే.

ఒకప్పుడు వెలిగి, విడిపోయి, ఏళ్ల తర్వాత మళ్లీ కలిసే రాక్ బృందాల గురించి వాదన ఎప్పుడు మొదలైనా అటువాళ్లూ ఇటువాళ్లూ మరిచిపోయేది ఈ తేడానే. వద్దనేవాళ్లు వయసు గురించి మాట్లాడతారు. రాక్ కుర్రకారు సంగీతమనీ, ఇరవై రెండేళ్ల కోపాన్ని అరవై ఏళ్ల మనిషి పాడితే నవ్వొస్తుందనీ, జ్ఞాపకాన్ని జ్ఞాపకంగానే వదిలేయాలనీ అంటారు. ఈ మాట మన చెవులకు కొంచెం వింతగానే ఉంటుంది. బిస్మిల్లా ఖాన్ ఎనభై దాటాక కూడా షెహనాయి పట్టుకుంటే ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనభై దాటి పాడుతుంటే, గొంతులో సన్నబడినదాని కన్నా మిగిలినదాన్ని వినడానికే జనం వెళ్లారు. పాడేవాడు ముసలివాడైతే పాట ముసలిదవుతుందన్న లెక్క ఈ నేల మీద ఎప్పుడూ లేదు.

అయితే బాలమురళి తన నుంచి తాను విడిపోయే ప్రమాదం లేదు. బ్యాండుకు ఉంది. అది ఒక మనిషి విద్య కాదు, నలుగురైదుగురి మధ్య పొత్తు. ఒకరి తొందర, ఇంకొకరి నిదానం, ఒకరి అహంకారం, మరొకరి మౌనం కలిసి కుదిరిన ఒక ధ్వని. ఉమ్మడి కుటుంబం లాంటిది. పంపకాలు అయ్యాక అన్నదమ్ములందరూ విడివిడిగా బాగుపడవచ్చు గానీ, ఆ పెద్ద ఇంటి వంట రుచి ఎవరి వాటాకూ రాదు. అందుకే కలవాలా వద్దా అన్న ప్రశ్నకు వయసు జవాబు కాదు. ఎవరు కలుస్తున్నారు, ఏ పని మిగిలిపోయిందని కలుస్తున్నారు అన్నదే అడగాల్సిన ప్రశ్న.

డబ్బు కోసం అన్నది తేలికైన జవాబు. అబద్ధమూ కాదు. ఆ విషయంలో అందరికన్నా నిజాయతీపరులు సెక్స్ పిస్టల్స్. 1978లో కుప్పకూలిన ఈ లండన్ పంక్ బృందం 1996లో మళ్లీ కలిసినప్పుడు, తమకు ఒకరంటే ఒకరికి ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరినీ నమ్మించబోలేదు. తమను కలిపింది ప్రేక్షకుల డబ్బేనని విలేకరుల ముందే ఒప్పుకున్నారు. పాపిష్టి సొమ్ము అని అర్థమొచ్చే మాటను యాత్రకు పేరుగా పెట్టుకున్నారు. అంత పచ్చిగా చెప్పాక ఇక విమర్శకులకు చెప్పడానికేం మిగులుతుంది?

ఈగల్స్ దారి వేరు. 1980లో కాలిఫోర్నియాలో జరిగిన ఓ కచేరీలో గ్లెన్ ఫ్రే, డాన్ ఫెల్డర్ పాటకూ పాటకూ మధ్య ఒకరినొకరు బెదిరించుకున్నారు. కచేరీ అయ్యాక కొట్టుకుందామని వేదిక మీదే ముహూర్తం పెట్టుకున్నారు. బ్యాండు అంతటితో ఆఖరు. నరకం గడ్డకట్టినప్పుడు మళ్లీ కలిసి వాయిస్తామని డాన్ హెన్లీ అనేవారు. 1994లో గడ్డకట్టింది. టికెట్ ధర వంద డాలర్లు దాటింది. రాక్ కచేరీకి అంత పెట్టడమేమిటని అప్పట్లో అమెరికా ముక్కున వేలేసుకుంది గానీ, సీట్లు మాత్రం ఖాళీగా మిగల్లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత వీళ్లకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. 2001లో ఫెల్డర్‌ను సాగనంపారు, వ్యవహారం కోర్టుకెక్కింది. 2016లో ఫ్రే కన్నుమూస్తే, ఆ మరుసటి ఏడాది ఆయన కొడుకు డీకన్ తండ్రి స్థానంలో నిలబడి పాడారు. అది వారసత్వమా, దుకాణం మూతపడకుండా చూసుకోవడమా అన్నది చూసేవాళ్ల మనసును బట్టి ఉంటుంది. 2007లో వాళ్లు తెచ్చిన రెండు డిస్కుల కొత్త ఆల్బమ్ ఒకటి ఉందన్న సంగతి మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి.

ఒయాసిస్ ఆ పాటి శ్రమ కూడా తీసుకోలేదు. 2009 ఆగస్టులో పారిస్‌లో కచేరీకి ముందు తెర వెనక తగవుపడి విడిపోయిన గాలగర్ సోదరులు పదిహేనేళ్ల పాటు పత్రికల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా తిట్టుకుని, 2024 ఆగస్టులో రాజీ పడ్డారు. టికెట్లు అమ్మిన రోజున గంటల తరబడి వరుసలో వేచి ఉన్నవాళ్లకు చివర్లో మరో ధర కనపడింది. 150 పౌండ్ల దగ్గర చూసిన టికెట్ 350 దాటింది. గిరాకీని బట్టి ధర పెంచే ఈ పద్ధతి విమాన టికెట్లలో అలవాటైనదే. పాటలో తమ గోడు విన్న మధ్యతరగతి కుర్రాళ్లు, పాతికేళ్ల తర్వాత ఆ పాట వినడానికి వెళితే, ఇలా బేరం పెట్టడం బ్రిటన్‌లో చాలామందికి మింగుడు పడలేదు. అక్కడి పోటీ వ్యవహారాల నియంత్రణ సంస్థ విచారణ దాకా వెళ్లింది. 2025 జులై 4న కార్డిఫ్‌లో యాత్ర మొదలైంది. అన్నదమ్ములిద్దరూ చేయి చేయి పట్టుకుని వచ్చారు. స్టేడియంలో సగం మంది ఏడ్చారు. ఆ పాటలు పుట్టినప్పటికి పుట్టని పిల్లలు ప్రతి మాటా కంఠతా పాడారు. మొత్తం 41 కచేరీల్లో కొత్త పాట ఒక్కటీ లేదు. ఎవరూ అడగనూ లేదు. పద్యనాటకాల రోజుల్లో ‘ఒన్స్‌మోర్’ అని కేకేసిన మన ప్రేక్షకుడు కూడా కొత్త పద్యం పాడమని అడగలేదు కదా. విన్నదాన్నే మళ్లీ వినాలనుకోవడం తప్పేమీ కాదు. తప్పంతా ఆ కోరిక మీద వేలంపాట పెట్టడంలో ఉంది.

డబ్బుకు లొంగని వాళ్లూ ఉన్నారు. లెడ్ జెప్లిన్ కథ అందుకే ఇప్పటికీ వాదనకు పనికొస్తుంది. డ్రమ్మర్ జాన్ బోన్‌హమ్ 1980 సెప్టెంబరులో చనిపోయాక మిగిలిన ముగ్గురూ ఆ మూడు నెలల్లోనే దుకాణం కట్టేశారు. 1985లో లైవ్ ఎయిడ్ కోసం ఫిలడెల్ఫియాలో కలిస్తే అది నవ్వులపాలైంది. సాధన లేదు, గిటారు శ్రుతిలో లేదు, ఇద్దరు డ్రమ్మర్లకు మధ్య పొంతన లేదు. తర్వాత ఆ కార్యక్రమం డీవీడీగా వచ్చినప్పుడు తమ భాగం వేయొద్దని వాళ్లే చెప్పేశారు. 2007లో మరోసారి పిలుపొచ్చింది. తమను తొలిరోజుల్లో ఆదరించిన రికార్డు కంపెనీ యజమాని అహ్మెట్ ఎర్టెగన్ స్మృతిలో లండన్ ఓ2 అరెనాలో ఒకే ఒక్క కచేరీ. ఈసారి వారాల తరబడి సాధన చేశారు. జిమ్మీ పేజ్ వేలు విరిగితే రెండు వారాలు వాయిదా వేసుకున్నారు గానీ ఎలాగోలా గట్టెక్కిద్దామనుకోలేదు. రాబర్ట్ ప్లాంట్ గొంతు ఇరవైల్లో ఎక్కిన ఎత్తులు అరవైకి చేరువలో ఎక్కదని ఒప్పుకుని కొన్ని పాటల శ్రుతి తగ్గించారు. డ్రమ్స్ ముందు బోన్‌హమ్ కొడుకు జేసన్ కూర్చున్నారు. ఇరవై వేల మంది పట్టే హాలుకు 2 కోట్ల దరఖాస్తులు వచ్చాయి.

డిసెంబరు 10 రాత్రి వాయించింది విన్నవాళ్లు ఇక యాత్ర ఖాయమనుకున్నారు. పేజ్ సిద్ధం. జాన్ పాల్ జోన్స్ సిద్ధం. ప్లాంట్ ఒప్పుకోలేదు. ఆయన అప్పటికే అలిసన్ క్రాస్ అనే జానపద, బ్లూగ్రాస్ గాయనితో కలిసి మెల్లగా, గొంతు తగ్గించి పాడిన ఆల్బమ్ ఒకటి తెచ్చి ఉన్నారు. ఆ ఆల్బమ్ 2009 ఫిబ్రవరిలో అయిదు గ్రామీలు గెలిచింది. పాతికేళ్ల నాటి తనను మళ్లీ తొడుక్కోవడం కన్నా ఇప్పటి తనతో పాడటం ఆయనకు నచ్చింది. పేజ్‌కు అది అన్యాయమే అనిపించి ఉంటుంది. ఆయన బ్యాండు ఆయనకు కావాలి. కానీ పొత్తు అంటే అదే మరి, ఒక్కరు వద్దంటే లేదు.

పింక్ ఫ్లాయిడ్ కలయిక ఇంకా చిన్నది. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్ మధ్య శత్రుత్వం రాక్ చరిత్రలో ఓ అధ్యాయం. బ్యాండు పేరు ఎవరిదన్న దాని మీద లాయర్లు బాగుపడ్డారు. అలాంటి వాళ్లు 2005 జులై 2న, ఆఫ్రికా పేదరికం మీద సంపన్న దేశాలను కదిలించడానికి బాబ్ గెల్డాఫ్ పెట్టిన లైవ్ 8లో, రిచర్డ్ రైట్, నిక్ మేసన్‌లతో పాటు హైడ్ పార్క్ వేదిక ఎక్కారు. నలుగురూ కలిసి వాయించడం ఇరవై నాలుగేళ్లలో అదే మొదటిసారి. అరగంట కూడా లేదు. మర్నాటి నుంచి రికార్డుల అమ్మకాలు ఎగబాకితే, ఆ అదనపు లాభం దానధర్మాలకేనని గిల్మోర్ ప్రకటించారు. అమెరికా యాత్రకు కోట్ల డాలర్లు ఇస్తామని వచ్చినవాళ్లను వెనక్కు పంపారు. 2008లో రైట్ కన్నుమూశారు. ఆ అరగంట లేకపోతే లాయర్ల నోటీసులే ఆ బ్యాండు చివరి మాటగా మిగిలేవి.

ఇంతవరకూ చెప్పుకున్నవి కలిగిన కుటుంబాల కథలు. వీళ్లకు ఒక వైభవం ఉంది, దాని లెక్కలు ఉన్నాయి, రాయల్టీలు ఉన్నాయి. మళ్లీ కలవకపోయినా తరాలు తింటాయి. చేయాల్సిన పని చేసేశారు కాబట్టే ఒక్క రాత్రి చాలని అనగలిగారు. అదే ప్రశ్నను ఉపఖండానికి తెచ్చి అడిగితే మొత్తం తలకిందులవుతుంది. ఇక్కడి రాక్ బ్యాండ్లలో చాలావాటికి వైభవం అనేదే సరిగ్గా రాలేదు. సగం దారిలో ఆగిపోయినవే ఎక్కువ.

ముంబై బృందం ఇండస్ క్రీడ్ సంగతే చూడండి. 1984లో రాక్ మెషీన్ పేరుతో మొదలైంది. దేశంలో ఇంగ్లిష్ రాక్ అంటే విదేశీ పాటల్ని అచ్చు గుద్దినట్టు వాయించడమే అయిన కాలంలో, ధోబీ తలావ్ దగ్గరి రంగ్ భవన్ ఆరుబయట వేదిక మీద వాళ్లు సొంత పాటలు వినిపించారు. 1988లో ఒక ఆల్బమ్, 1990లో మరొకటి. 1993లో పేరు మార్చుకుని ధ్వనిలోకి ఈ దేశపు వాసన తెచ్చే ప్రయత్నం చేశారు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో ‘ప్రెటీ చైల్డ్’ వీడియో చూసి, అది మనవాళ్లదేనా అని ఆశ్చర్యపోయిన వాళ్లున్నారు. కానీ అదే కేబుల్ టీవీ నాలుగేళ్లలో హిందీ పాప్ వైపు, సినిమా పాటల వైపు తిరిగిపోయింది. ఇంగ్లిష్‌లో పాడే భారతీయ రాక్ బ్యాండుకు రికార్డు కంపెనీ లేదు, రేడియో లేదు, ఊరూరా తిరిగి వాయించే వేదికల వరుస లేదు. 1997లో విడిపోయారు. గాయకుడు ఉదయ్ బెనెగల్ న్యూయార్క్ వెళ్లారు. వాళ్ల విడిపోవడం వెనక గాలగర్ల మార్కు కొట్లాటల కన్నా బతుకుతెరువు లెక్కే పెద్దది.

2010లో బెనెగల్, గిటారిస్టు మహేశ్ తినాయికర్, కీబోర్డులు వాయించే జుబిన్ బాలాపోరియా మళ్లీ కలిశారు. బేస్, డ్రమ్స్ తమ కన్నా బాగా చిన్నవాళ్లకు అప్పగించారు. పాత పాటలు వాయించుకుంటూ కాలేజీ పూర్వ విద్యార్థుల వేడుకలతో సరిపెట్టుకోవచ్చు. అలా చేయలేదు. కూర్చుని రాసుకుని 2012లో ‘ఇవాల్వ్’ అనే కొత్త ఆల్బమ్ తెచ్చారు. అమ్మకాల్లో అది సునామీ ఏమీ కాదు. కానీ పాతికేళ్ల కుర్రాళ్లు 1990లలో ఏ సౌకర్యం లేక చేయలేకపోయిన పనిని, నలభైలు దాటాక, మంచి స్టూడియోలు, కొత్త వేదికలు వచ్చాక చేసుకున్నారు. దాన్ని పాత జ్ఞాపకాల వ్యాపారం అనడానికి నోరు రాదు. బాకీ పడిన పాఠం పూర్తి చేయడం అంటే సరిపోతుంది.

కరాచీ వెళితే ఈ మాట ఇంకా గట్టిగా నిలుస్తుంది. 1988లో నలుగురు కాలేజీ మిత్రులు మొదలుపెట్టిన స్ట్రింగ్స్, రెండు ఆల్బమ్‌లు వేసి, 1992లో మంచి పేరు వస్తుండగానే ఆగిపోయింది. చదువులు, ఉద్యోగాలు. దక్షిణాసియా మధ్యతరగతి ఇళ్లలో ఏ గిటారుకైనా పట్టే గతే. 2000లో ఆ నలుగురిలో ఇద్దరు, బిలాల్ మక్సూద్, ఫైసల్ కపాడియా, ‘దూర్’ ఆల్బమ్‌తో తిరిగొచ్చారు. ఆ తర్వాతే అసలు కథ మొదలైంది. ‘ధానీ’ ఆల్బమ్, సరిహద్దుకు ఇవతల హిందీ సినిమాల్లో పాటలు, పాకిస్థాన్ కోక్ స్టూడియో నిర్వహణ. స్ట్రింగ్స్ పేరు చెప్పగానే భారత్‌లో ఎవరికైనా గుర్తొచ్చే పాటలన్నీ దాదాపు ఈ రెండో జన్మవే. వైభవం పోయాక కలవచ్చా అని వీళ్లను అడిగితే, ఏ వైభవం అని ఎదురు ప్రశ్న వేయాలి. 2021 మార్చిలో, మొదలుపెట్టిన ముప్పై మూడేళ్లకు, ఎలాంటి గొడవా లేకుండా చాలిస్తున్నామని ఇద్దరూ ప్రకటించారు. బ్యాండు మూసేసే పద్ధతి కూడా ఒకటుంటుందని చూపించారు.

జునూన్‌ది మరో రకం చిక్కు. వైద్యం చదివి గిటారు పట్టిన సల్మాన్ అహ్మద్, గాయకుడు అలీ అజ్మత్, న్యూయార్క్ నుంచి స్నేహం కొద్దీ వచ్చి పాకిస్థాన్‌లో ఉండిపోయిన బేసిస్టు బ్రయాన్ ఓకానెల్. సూఫీ కవిత్వాన్ని రాక్‌తో ముడివేసిన ఈ ముగ్గురి ‘ఆజాదీ’ ఆల్బమ్ 1997లో వచ్చింది. అందులోని ‘సయోనీ’ పాట ఢిల్లీ నుంచి హైదరాబాద్ దాకా హాస్టల్ గదుల్లో మోగింది. ఉర్దూ రానివాళ్లు కూడా పాడుకున్నారు. మరుసటి ఏడాది రెండు దేశాలూ అణు పరీక్షలు చేశాయి. ఆ పరీక్షల మీద మాట్లాడినందుకు సొంత ప్రభుత్వమే వాళ్లను టీవీలో రేడియోలో నిషేధించింది. 2000ల మధ్యలో అలీ అజ్మత్ తన దారి చూసుకున్నారు. సల్మాన్ ఆ పేరుతోనే కొనసాగి, 2008లో బెదిరింపుల మధ్య శ్రీనగర్ దాల్ సరస్సు ఒడ్డున కూడా వాయించారు. సాహసానికి వంక పెట్టలేం గానీ, ఆ గొంతు లేని జునూన్ మూడు కాళ్ల పీటలో ఒక కాలు తీసేసినట్టే.

2018 డిసెంబరు 25న కరాచీలో ముగ్గురూ మళ్లీ కలిశారు. అయితే అప్పటికి వాళ్ల ప్రేక్షకులే విడిపోయి ఉన్నారు. 2016లో ఉరీ దాడి తర్వాత పాకిస్థానీ కళాకారులకు భారత్‌లో తలుపులు మూసుకుపోయాయి. పహల్గామ్ ఊచకోత తర్వాత, 2025 మేలో, అక్కడి పాటలు, సినిమాలు ఆన్‌లైన్ వేదికల నుంచి కూడా తొలగించాలని కేంద్రం సూచించింది. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ 1997లో జునూన్‌ను జునూన్ చేసిన సభలో సగం సరిహద్దుకు ఇవతల ఉంది. వేదిక మీద ముగ్గురు రాజీ పడగలిగారు. వేదిక ముందు కూర్చోవాల్సిన వాళ్లను కలపడం ఏ కచేరీ నిర్వాహకుడి చేతిలోనూ లేదు.

వీళ్లకన్నా ముందున్నది వైటల్ సైన్స్. 1987లో ‘దిల్ దిల్ పాకిస్థాన్’తో ఆ దేశపు పాప్ సంగీతానికే తలుపు తీసిన బృందం. సల్మాన్ అహ్మద్ కూడా కొన్నాళ్లు అందులో పనిచేసిన వారే. నాలుగు ఆల్బమ్‌ల తర్వాత 1990ల చివర్లో ఆగిపోయింది. కీబోర్డులు వాయించే రొహైల్ హయత్ తర్వాత కోక్ స్టూడియోను నిలబెట్టారు. గాయకుడు జునైద్ జంషేద్ సంగీతం వదిలి మతబోధ వైపు వెళ్లిపోయారు. అభిమానులు మాత్రం అడుగుతూనే ఉన్నారు. 2016 డిసెంబరు 7న చిత్రాల్ నుంచి ఇస్లామాబాద్ వస్తున్న విమానం హవేలియాన్ దగ్గర కూలిపోయింది. అందులో జునైద్ ఉన్నారు. ఆ రోజుతో ఆ ప్రశ్నే లేకుండా పోయింది.

కలవడానికి సరైన సమయం కోసం చూసేవాళ్లు లెక్కలోకి తీసుకోనిది దీన్నే. రాక్ బ్యాండుల సంగతి అలా ఉంచి, తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2017 మార్చిలో తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడొద్దని ఇళయరాజా తరఫు నుంచి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి లాయరు నోటీసు అందింది. అప్పుడాయన అమెరికాలో కచేరీ యాత్రలో ఉన్నారు. దశాబ్దాల స్నేహం పత్రికల్లో కెక్కింది. ఆ పాటలు ట్యూను కట్టినవాడివా, గొంతు ఇచ్చినవాడివా అని రెండు రాష్ట్రాల్లోనూ టీకొట్ల దగ్గర తీర్పులు చెప్పుకున్నారు. 2019 జూన్‌లో చెన్నైలో ఇద్దరూ ఒకే వేదిక మీదికొచ్చారు. పాట హక్కుల తగవులో ఎవరిది న్యాయమో ఆ రోజు ఎవరూ అడగలేదు. పదిహేను నెలలు దాటాక, 2020 సెప్టెంబరు 25న, బాలు లేరు. ఆ ఒక్క సాయంత్రం జరగకపోయి ఉంటే నోటీసు కాగితమే ఆఖరి మాటయ్యేది.

బ్లాక్ సబ్బాత్ వాళ్లు ఇంతకన్నా దగ్గరగా వచ్చి తప్పించుకున్నారు. 2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లో, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో, తొలినాటి నలుగురూ ఇరవై ఏళ్ల తర్వాత కలిశారు. ఒప్పందం దగ్గర పేచీ వచ్చి అంతకుముందు కలయికకు దూరంగా ఉండిపోయిన డ్రమ్మర్ బిల్ వార్డ్ కూడా వచ్చారు. పార్కిన్సన్స్ జబ్బుతో నడవలేని ఆజీ ఆస్బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడారు. నిలబడాలని రెండు మూడుసార్లు ప్రయత్నించడం, లేవలేకపోవడం అందరికీ కనపడింది. వచ్చిన ఆదాయం సేవా సంస్థలకు. పదిహేడు రోజుల తర్వాత ఆజీ చనిపోయారు. శ్రుతి గురించి, గొంతు గురించి, రాక్‌కు ముసలితనం తగునా అన్న దాని గురించి ఆ మైదానంలో ఎవరైనా మాట్లాడి ఉంటే పక్కవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

కలవకుండానే తిరిగొచ్చిన బృందం కూడా ఒకటుంది. అది కోల్‌కతాలో. 1975లో గౌతమ్ చట్టోపాధ్యాయ్, ఆయన సోదరులు, స్నేహితులు కలిసి కట్టిన ‘మొహీనేర్ ఘొరాగులి’ పేరు జీవనానంద దాస్ కవిత నుంచి తీసుకున్నది. మొహీన్ గుర్రాలు అని అర్థం. నక్సల్ ఉద్యమంలో తిరిగి జైలు చూసొచ్చిన గౌతమ్, బావుల్ గానాన్నీ పాశ్చాత్య రాక్‌నూ జాజ్‌నూ కలిపి బెంగాలీలో పాటలు కట్టారు. రవీంద్ర సంగీతం, సినిమా పాట తప్ప మూడోది ఎరగని ఊరు వాళ్లను పిచ్చివాళ్లుగా చూసింది. 1977 నుంచి 1979 దాకా మూడు చిన్న రికార్డులు వేశారు. కొన్నవాళ్లు తక్కువ. 1981లో ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. వైభవం అన్న మాటే వర్తించని బ్యాండు ఇది.

పాటలు మాత్రం కాలేజీల్లో నోటి నుంచి నోటికి తిరుగుతూ ఉండిపోయాయి. 1990ల నాటికి వాటిని పాడుతున్న కుర్రాళ్లు కొందరు గౌతమ్‌కు తారసపడ్డారు. ఆయన పాత మిత్రుల్ని పోగేసి వేదిక ఎక్కలేదు. ఆ పిల్లల చేత, వాళ్ల బ్యాండ్ల చేత పాడించి, తాను పక్కన నిలబడి 1995 పుస్తక ప్రదర్శన నాటికి ఒక క్యాసెట్ తెచ్చారు. మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత అని దానికి పేరు. ఆ వరసలో మరికొన్ని ఆల్బమ్‌లు వచ్చాయి. బెంగాలీ రాక్ అనేది ఒక వీధి అయితే, అందులో ఇళ్లు కట్టుకున్న వాళ్లంతా ఆ క్యాసెట్ విన్నవాళ్లే. 1999లో గౌతమ్ పోయారు. ప్రపంచం రోజురోజుకూ చిన్నదైపోతోందంటూ సాగే ఆ క్యాసెట్‌లోని పాట బాణీ 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ అనే హిందీ సినిమాలో ‘భీగీ భీగీ’గా మారింది. పాడింది ఢాకా రాక్ గాయకుడు జేమ్స్. ఆ ఏడాది దేశమంతా ఎఫ్ఎం రేడియోల్లో అది మోగుతుంటే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆటోలో కూర్చుని విన్నవాళ్లకు మొహీన్ ఎవరో, ఆయన గుర్రాలేమిటో తెలియాల్సిన పని లేకపోయింది.